మామ లాడ్జీలో మగ్గం జోల

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, తిరుచానూరులో రెండంతస్తుల లాడ్జీని నేను ఒక్కడినే ఖాళీ చేయించాను. పద్నాలుగు గదుల జనం పెట్టే బేడాతో వీధిలో పడ్డారు. తల మీద గంధం ఇంకా ఆరని కొత్త గుండ్లు కూడా ఎండలో వరసగా నిలబడ్డాయి. ఇంత పని చేయడానికి నేను కత్తి చూపలేదు, కేక పెట్టలేదు. నిద్రపోయాను, అంతే. లోకంలో అందరూ మెలకువగా ఉండి తప్పులు చేస్తారు. నేను పడుకుని కూడా పని ఆపని మనిషిని.

మాది నగరి. పవర్ మగ్గాల ఊరు. ఇంటికి ఆనుకుని షెడ్డు, షెడ్డులో నాలుగు మగ్గాలు, మగ్గాల మధ్య మా నాయన. పొద్దున మొదలైన టకటకలు కరెంటు ఉన్నంతసేపూ ఆగవు. మా వీధిలో గుసగుసలు చెప్పుకోవాలన్నా ఊరవతలికి పోవాలి. మేం మామూలుగా మాట్లాడుకుంటుంటే పొరుగూరి వాళ్లు విడదీయడానికి వస్తారు.

నా భార్య లావణ్య మాత్రం తిరుచానూరు పిల్ల. మా మేనమామ కూతురే. మామదీ నిజానికి నగరే. కుర్రతనంలో మగ్గం మోత పడలేక, "ఈ శబ్దం వినబడని ఊళ్లో చస్తా గానీ ఈడ బతకను" అని బస్సెక్కినవాడు తిరుచానూరులో దిగి, కాలక్రమంలో లాడ్జీ పెట్టాడు. లాడ్జీలో ఎవరైనా చెప్పులు టపటపలాడించినా మామ మేడెక్కి వస్తాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

లావణ్యకి టీచరు ఉద్యోగం కావాలి. తిరుపతిలో మూడు నెలల కోచింగులో చేరింది. పుట్టింట్లో ఉండి వెళ్లి వస్తుంది. మరి మా రెండేళ్ల చిన్ని ఎవరి దగ్గర ఉండాలి? ఇదే పేచీ.

"బిడ్డ ఈడనే ఉంటుంది. మొగోడు మూడు నెలలు బిడ్డని సాకుతాడా? మూడు గంటలు సాకమను సూద్దాం" అంది మా అత్త.

మూడు నెలలు చిన్ని లేకుండా నగరిలో ఉండటమా? పొద్దున్నే నా ముక్కులో వేలు పెట్టి లేపేది ఎవరు? నా పౌరుషం లేచింది. పౌరుషానికి వేళాపాళా లేకపోవడమే మా వంశంలో లోపం.

"అత్తా, దాన్ని రోజూ నిద్రపుచ్చేది ఎవురనుకున్యావు? నేనే. నా పాట వింటే అది పది నిమిషాల్లో గుర్రుపెడుతుంది."

"నీ పాటా?" అంది అత్త. ఆ ప్రశ్నలో నా భవిష్యత్తంతా ఉంది. నాకే కనబడలేదు.

లావణ్య మధ్యవర్తి తీర్పు చెప్పింది. "సరే బావా. రేపు నాకు మొదటి రోజు క్లాసు. అమ్మానాయనా శ్రీకాళహస్తి పూజకి పోతా ఉండారు. నువ్వొక్కడివే బిడ్డని సూసుకో. ఒంటిగంటకి పండబెట్టాల, మూడుదాకా పండుకోవాల. చేస్తే నగరికి ఎత్తుకుపో. లేదంటే మూడు నెలలూ ఈడనే, మా అమ్మ దగ్గర. నువ్వు ఆదివారాలు వచ్చి సూసిపోవచ్చు."

"ఆదివారాలు నువ్వే నగరికి రావాల్సి ఉంటుంది, రెడీగా ఉండు" అన్నాను. పిల్ల పుట్టకముందే కుల్లాయి కుట్టేవాళ్లని చూసి నవ్వుతారు గానీ, పిల్ల పడుకోకముందే బస్సులో సీటు చూసుకున్నవాడిని నేను.

మర్నాడు అత్తా మామా శ్రీకాళహస్తికీ, లావణ్య తిరుపతికీ వెళ్లిపోయారు. లాడ్జీ కౌంటరు దగ్గర మేనేజరు మునిరత్నం మిగిలాడు. అరవై ఏళ్ల మనిషి. ఆయన ముఖంలో సంతోషమూ పంటినొప్పీ ఒకేలా కనబడతాయి.

ఒంటిగంటదాకా అంతా బ్రహ్మాండం. పెరుగన్నం సగం చిన్ని తింది, సగం నా చొక్కా తింది. కింద వెనకవైపు మామావాళ్ల ఇల్లు. అక్కడి పడకగదిలో దాన్ని భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని, నా జోల మొదలుపెట్టాను.

చిన్ని తల ఎత్తింది. నా నోటి వంక చూసింది. ఏదో యంత్రం చెడిపోయినప్పుడు నాయన చూసే చూపు అది. నేను రెండో చరణం ఎత్తుకున్నాను. దాని కింది పెదవి ముందుకొచ్చింది. చిన్న చెయ్యి తీసి నా నోటికి అడ్డం పెట్టింది.

"నాయ్‌నా, వద్దు."

"వద్దేంది తల్లీ? రోజూ వినేదే కదా?"

"వద్దూ..." అని ఎత్తుకుంది రాగం. అది నా రాగం కన్నా శ్రుతిలో ఉంది.

నేను ఇంకొంచెం గట్టిగా పాడాను. అది ఇంకా గట్టిగా ఏడ్చింది. తలుపు దగ్గర మునిరత్నం ప్రత్యక్షమయ్యాడు.

"ఏమప్పా, బిడ్డని కొడతా ఉండావా?"

"లేదన్నా, జోల పాడతా ఉండా."

"ఈడికి రెండూ ఒగటే మాదిరి వినబడతా ఉండాయి" అని నిదానంగా వెళ్లిపోయాడు.

చీరతో ఉయ్యాల కట్టాను. అది దిగిపోయింది. గదంతా మోసుకు తిరిగాను. అది మేలుకునే ఉంది, నాకే కళ్లు తిరిగాయి. కాకిని చూపించాను. కాకి ఎగిరిపోయింది, ఏడుపు మిగిలింది. ఒకటిన్నర అయింది. ఆదివారాలు చేతిలో పళ్లు పట్టుకుని, చుట్టంలాగా అత్తగారి గుమ్మంలో నిలబడి నా కూతురిని చూసుకుంటున్నట్టు కళ్లకి కట్టింది.

అప్పుడు లాడ్జీ ముందు ఒక యాత్రికుల వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపకుండా దిగినట్టున్నాడు. డబడబడబ అని ఒకటే మోత. చిన్ని ఏడుపు ఆపింది. రెప్పలు బరువెక్కాయి. తల నా భుజం మీద వాలింది. "అదీ సంగతి, నా పాట ఇప్పటికి పనిచేసింది" అనుకుంటుండగా వ్యాను కదిలి వెళ్లిపోయింది. చిన్ని టక్కున కళ్లు తెరిచింది.

"నాయ్‌నా... టకటక?" అంది, చెవి పట్టుకుని.

అయ్యా, అప్పుడు వెలిగింది నాకు దీపం. రెండేళ్లుగా నా కూతుర్ని నిద్రపుచ్చుతున్నది నేను కాదు, మా నాయన మగ్గాలు. ఆ మోతలో నా పాట నాకే వినబడేది కాదు, ఇక దానికేం వినబడుతుంది? పాపం, పుట్టాక మొదటిసారిగా ఆ రోజే తండ్రి పాట విన్నది. ఏడవక ఏం చేస్తుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లని చూశాం. పాడలేకపోయినా మగ్గం పుణ్యాన గాయకుడైపోయినవాడిని నేనొక్కడినే.

నాయనకి ఫోన్ చేశాను. మగ్గాల మధ్య ముప్పై అయిదేళ్లున్న మనిషి. ఫోన్ ఎత్తితే అవతలివాడికి ఫోన్ అక్కర్లేదు.

"ఎవురూ?"

"నేను నాయనా, శీనాని."

"ఏందీ? దీనమా? ఎవురు దీనంగా ఉండారు?"

"నేనే! పాప నిద్రపోలేదు! నీ ఫోన్ మగ్గం పక్కన పెట్టు!"

"మగ్గం పక్కనే ఉండాను రా!"

"నువ్వు కాదు! ఫోన్! ఫోన్ పెట్టు!"

"సరే, పెట్టేస్తా ఉండా" అని ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేశాను. మూడోసారికి విషయం ఆయనకి ఎక్కింది. "ఓసి నా బంగారు తల్లీ, మగ్గం లేందే నిద్దర రాదంటనా దానికి!" అని, పరీక్షలో ఫస్టు వచ్చినంతగా మురిసిపోయాడు. "నూలు డబ్బా మీద పెట్టేసి నేను సద్ది తాగి వస్తా. నువ్వే ఆపేసుకో."

ఫోన్లోంచి మోత వచ్చింది గానీ, అది డబ్బాలో పెట్టిన ఈగ కచేరీలా ఉంది. పైగా ఫోన్ కనబడగానే చిన్ని "బొమ్మలు! బొమ్మలు!" అని దాని మీద పడింది. శబ్దం కావాలి, ఫోన్ కనబడకూడదు. ఏం చేయాలి?

మామ కౌంటరు వెనక అల్మారాలో ఒక సౌండు పెట్టె ఉంది. పొద్దున్నే యాత్రికులకి దేవుడి పాటలు వినిపించడానికి పెట్టుకున్నాడు. ఫోన్‌కి వైరు గుచ్చితే చాలు, స్పీకర్లు పలుకుతాయి. అందులో ఒకటి మా పడకగది గోడకీ ఉంది. మునిరత్నం భోజనానికి పోయాడు. చిన్నిని చంకనేసుకుని వెళ్లి వైరు గుచ్చాను. పెట్టెకి ఆరు మరలు ఉన్నాయి. ఏది ఏ స్పీకరుదో రాసిన అక్షరాలు అరిగిపోయాయి. ఒకటి తిప్పాను, శబ్దం రాలేదు. రెండోదీ అంతే. కౌంటరు దగ్గర అసలు స్పీకరే లేదనీ, ఆ పాత పెట్టె వేడెక్కి పలకడానికి ఒక నిమిషం పడుతుందనీ తెలివైనవాడికి తట్టేది. నేను ఆరూ తిప్పేశాను. గట్టిగా, చివరిదాకా.

కొత్త ఫోన్ కదా, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అల్మారాకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. మామ మైకు, అల్లుడి జోల.

పడకగదిలోకి వచ్చేసరికి ఎంత హాయిగా ఉందో! ఆ గది స్పీకరు పాతది, గొంతు బొంగురుపోయింది. అందులోంచి మగ్గం సన్నగా, చక్కగా, మా షెడ్డు గోడ అవతల ఉన్నట్టే వినబడుతోంది. చిన్ని "టకటక" అని నవ్వింది. చిన్ని తలుపు తీసుకుని బయటికి పోకుండా గడియ పెట్టి, దాని పక్కన ఒరిగాను. రెండు నిమిషాల్లో అది నిద్రపోయింది. పది నిమిషాలు చూసి లేచి, ఫోన్ తీసేద్దాం అనుకున్నాను.

ఇక్కడే ఒక చిన్న సంగతి మరిచిపోయాను. నేనూ ఆ షెడ్డు పక్కనే పుట్టాను. ఆ మోత వింటే నిద్రపోవడం నాకూ ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు.

ఆ తర్వాత జరిగింది మునిరత్నం చెప్పగా తెలిసింది. ఆయన ఇప్పటికి నలభైసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా లాడ్జీకి ఒక అంతస్తు పెరుగుతోంది.

మిగతా అయిదు స్పీకర్లూ కొత్తవి. ఆయన భోంచేసి వచ్చేసరికి లాడ్జీ మెట్లు అదురుతున్నాయట. ముందు నీళ్ల మోటారు అనుకుని ఆపాడు. మోత ఆగలేదు. జనరేటరు అనుకున్నాడు. అది నడవడం లేదు, అయినా ఇంకోసారి ఆపాడు. అప్పటికి మూడో నంబరు గది ఆయన, తలకి తువ్వాలు చుట్టుకుని, పెళ్లాన్నీ పెట్టెనీ లాక్కుని దిగాడు.

"ఏమయ్యా, మేడ కూలుతోందా?"

"ఇంకా లేదు సామీ" అన్నాడట మునిరత్నం, తన మామూలు ముఖంతో.

ఆ "ఇంకా" అనే మాట చాలింది. అయిదు నిమిషాల్లో లాడ్జీ వీధిలోకి వచ్చేసింది. మునిరత్నం వచ్చి నా తలుపు బాదాడు. నాకు నిద్రలో ఇంకో మగ్గం తోడైనట్టు అనిపించి, అటు తిరిగి మరింత గాఢంగా పడుకున్నాను.

లావణ్య క్లాసు మధ్యలో విరామం దొరికి నాకు ఫోన్ చేసింది. బిజీ. మా నాయనకి చేసింది. ఆయనా బిజీ. ఎవరితో ఎవరు మాట్లాడుతున్నట్టు? మునిరత్నానికి చేసింది.

"లావణ్యమ్మా! మేడ ఎగిరిపోతా ఉండాది!"

ఆమెకి ఆ మాట కాదు, వెనక మోత వినబడింది. నా సంసారం మీద ఆమెకి ఎంత అవగాహన అంటే, ఒక్క క్షణంలో విషయం పట్టేసింది. "అన్నా! అల్మారా తెరువు! అల్మారా!" అని అరిచింది. "అవునమ్మా, అదురుతా ఉండాది" అన్నాడు మునిరత్నం. ఆమె మిగిలిన క్లాసు ఎలా విన్నదో నేను ఇప్పటికీ అడగలేదు.

మూడు కావస్తుండగా అత్తా మామా శ్రీకాళహస్తి నుంచి ఆటోలో దిగారు. వీధి నిండా జనం. మామ ఒక కాలు కింద పెట్టి, అలాగే ఆగిపోయాడట. ముఖం తెల్లబోయింది.

"ఇది మగ్గం" అన్నాడు.

"ఏందయ్యా నువ్వు, తిరుచానూరులో మగ్గం యాడిది?" అంది అత్త.

"పవర్ మగ్గమే. అటూ ఇటూ ఉరికే నాడె కొట్టే కొట్టుడు నాకు తెలవదా? ముప్పై ఏండ్లకి నన్ను వెతుక్కుంటా వచ్చిందే!" అని ఆటో కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాడు. మనిషికి ఎండదెబ్బ తగిలిందని ఎవరో నీళ్లు చల్లారు.

వాళ్ల వెనకే లావణ్య ఆటో వచ్చి ఆగింది. ఆమె "అల్మారా" అంటూ లోపలికి పరిగెత్తబోయింది.

సరిగ్గా అప్పుడు మోత ఆగిపోయింది.

వీధంతా నిశ్శబ్దం. లోపల మంచం మీద చిన్నీ నేనూ, ఒకేసారి, తాడు పట్టి లాగినట్టు లేచి కూర్చున్నాం. నగరిలో పుట్టినవాళ్లని నిద్ర లేపేది శబ్దం కాదు, అది ఆగిపోవడం. దాన్ని చంకనేసుకుని, లుంగీ సర్దుకుంటూ, ఆవలిస్తూ గడియ తీసి, ముందు గుమ్మంలోకి వచ్చాను. ఎదురుగా ఊరేగింపులా జనం, పెట్టెలు, అత్త, ఆటోలో తడిసిన మామ, నడుం మీద చేతులు పెట్టుకుని లావణ్య. ఇంత జనాన్ని చూసి, ఏ మనిషైనా "ఏమైంది?" అని అడగాలి. నేను ఏమన్నానో తెలుసా?

"ఏం, కరెంటు పోయిందా?"

అదే క్షణంలో మేడ మీద ఎనిమిదో నంబరు గది తలుపు తెరుచుకుంది. అందరూ పారిపోయారనుకున్నాం గానీ, ఒక్క మనిషి మిగిలాడు. కళ్లు నులుముకుంటూ వరండాలోంచి తొంగి చూశాడు.

"ఏందన్నా, కరెంట్ పోయిందా?"

ఆయనా నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. సిరిసిల్ల మనిషి. ఆయనదీ మగ్గాల ఊరే. మేమిద్దరం ఒక జాతి పక్షులమని ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది.

ఇంకా ఎవరూ నన్ను పట్టుకోలేదు. మెల్లగా వెళ్లి ఫోన్ తీసేస్తే తప్పించుకునేవాడినే. కానీ ఆకాశవాణి ఒకటి మిగిలి ఉంది. లాడ్జీలోని ఆరు స్పీకర్లూ ఒక్కసారిగా గర్జించాయి.

"ఒరే శీనా! కరెంటు పోయిందిరా! పాప లేసిందా?"

వీధిలో ఇద్దరు ముసలమ్మలు చేతులు జోడించారు. మామ మాత్రం ఆటోలోంచి లేచాడు.

"అది మా బావ గొంతు కదా?"

"తాతా!" అని చప్పట్లు కొట్టింది చిన్ని. సాక్షి చిన్నదైనా సాక్ష్యం గట్టిది.

అందరూ నా వంక తిరిగారు. నేను జేబులోంచి అల్మారా తాళంచెవి తీసి, దేవుడి ముందు హారతి పట్టినట్టు అత్త ముందు పట్టుకున్నాను.

"రాహుకేతువులకి పూజ చేయించుకుని వస్తా ఉండాం" అంది అత్త, తాళంచెవి లాక్కుంటూ. "ఆ ఇద్దరూ శాంతించినారు. అల్లుడు పదో గ్రహమంటారే, ఆ గ్రహం ఈడ పండుకోనుండాది. దీనికి యాడ పూజ చేస్తారో అడగడం మరిసిపోయినా."

"అత్తా, ఒక్క మాట. పాప ఒకటీ ముక్కాలుకి పండుకుంది. మూడుదాకా లేవలేదు. ఏడవలేదు. మాట ప్రకారం..."

"మాట అట! ఊరంతా వీధిలో పడింది!"

"ఊరు పండుకోవాలని ఎవురూ చెప్పలేదు అత్తా."

లావణ్య నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. "పండబెట్టాలన్యా, పండబెట్టినాడు. ముక్కాలు గంట ఆలస్యంగా అయినా పండబెట్టినాడమ్మా" అంది.

"మూడు నెలలు బిడ్డని ఈడనే పెట్టుకుంటా" అని అత్త ఇంకా ఏదో అనబోయింది. మామ మధ్యలోకి వచ్చాడు. మా పెళ్లయ్యాక మామ అత్త మాటకి అడ్డం రావడం అదే మొదలు, బహుశా అదే చివర కూడా.

"పెట్టుకోవద్దు. దీనికి నిద్దర కావాలంటే మగ్గం కావాల. మగ్గం ఈడికి వస్తే నేను మళ్లా బస్సెక్కాల్సి వస్తుంది. ఈసారి యాడ దిగాలో నాకు తెలవదు. తీసుకుపో అల్లుడూ, నీకు దండం పెడతా."

అలా గెలిచాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను మామ ఇంటిని రచ్చ చేసి గెలిచాను.

యాత్రికులకి మునిరత్నం మజ్జిగ పంచి, ఒక్కొక్కరినీ గదులకి పంపాడు. సిరిసిల్ల ఆయన మాత్రం కౌంటరు దగ్గర ఆగి అడిగాడు: "మూడు దినాలాయె కంటి మీద కునుకు లేక. గిప్పుడు మంచిగ నిద్రవట్టింది. రేపు మధ్యాహ్నం గూడ పెడ్తరా?"

మామ వినకముందే నేను ఆయన్ని పక్కకి తీసుకుపోయాను.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు లావణ్య చిన్నిని నా చేతికిచ్చి, చాలాసేపు దాని కాలు వదల్లేదు. "గెలిచింది నువ్వు కాదు బావా, మగ్గం" అంది. "అయినా ఆదివారం వస్తాలే. దానికి మాత్రం పాట పాడొద్దు." ఇంజను మోతకి చిన్ని పుత్తూరు రాకముందే నిద్రపోయింది. నేను పాడలేదు. మూడు నెలలూ ప్రతి ఆదివారం లావణ్య వచ్చింది. ఇప్పుడు టీచరమ్మ. బడిలో పిల్లలు ఎంత గోల చేసినా ఆమెకి చీమ కుట్టినట్టు కూడా ఉండదట. ఇన్నేళ్లు నగరిలో కాపురం చేసిన ఫలితం.

అందుచేత, నాలుగు మగ్గాలూ ఒక అత్తా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో, బిడ్డని పడుకోబెడతానని పందెం కాసి, బిడ్డ కన్నా గాఢంగా నేను నిద్రపోను. ఒకవేళ పొరపాటున పోయినా, లేచాక ఎదురుగా ఎంత జనం ఉన్నా, నోరు మూసుకుంటాను. కరెంటు సంగతి మాత్రం అడగను.